లారీ ఎన్నింటికి బయలుదేరాలి కాదు, ఎన్నింటికి చేరాలి: బెంగళూరు నుంచి హైదరాబాద్‌కి ఇల్లు మారే ప్లాన్

ఈ ఎపిసోడ్ ఎందుకంటే, గత నెల రోజుల్లో మీలో చాలామంది ఒకటే అడిగారు. "బ్రో, బెంగళూరు నుంచి హైదరాబాద్ షిఫ్ట్ అవుతున్నాం, ఇంటి సామాను రోడ్డు మీద తీసుకెళ్ళాలి, ఏ రూట్, ఏ టైమ్, ఎంత పెద్ద లారీ?" అని. వైజాగ్ నుంచి, చెన్నై నుంచి, పుణె నుంచి కూడా అడిగారు. అందరికీ కలిపి ఒకటే సమాధానం ఉంది. కానీ ఆ సమాధానం నాకు తెలిసింది ఒక పెద్ద తప్పు చేశాకే. అందుకే ముందు ఆ తప్పు చెప్తాను, తర్వాత ప్లాన్ చెప్తాను. ప్లాన్ ఒక్కటే కావాలి అనుకునేవాళ్ళు కూడా దయచేసి కథ వినండి. ఎందుకంటే కథ తెలియకపోతే ప్లాన్‌లో ఆ టైములు ఎందుకు అలా ఉన్నాయో అర్థం కాదు.

అప్పటికి నేనింకా సాఫ్ట్‌వేర్ జాబ్‌లోనే ఉన్నాను. బెంగళూరులో బెళ్ళందూరు దగ్గర టూ బీహెచ్‌కే. అమ్మ, నాన్న నా దగ్గరే ఉన్నారు. నాన్నకి మోకాలి మార్పిడి ఆపరేషన్ అయ్యి సరిగ్గా ఐదు వారాలు. ఇంట్లో వాకర్ పట్టుకుని నడుస్తున్నారు. కింద కూర్చోకూడదు, తక్కువ ఎత్తు కుర్చీలో కూర్చోకూడదు. బాత్రూమ్‌లో కమోడ్ మీద ఒక ఎత్తు సీటు పెట్టుకుంటే గానీ లేవలేరు. ఆ టైమ్‌లో నా ప్రాజెక్ట్ హైదరాబాద్‌కి మారింది. కొండాపూర్‌లో ఫ్లాట్ చూసుకున్నాను. ఇక షిఫ్టింగ్.

నేను ఇంజినీర్ కదా, ఎక్సెల్ షీట్ వేశాను. ఏ పెట్టెలో ఏముంది, ఎన్ని పెట్టెలు, ఎంత ఖర్చు అన్నీ ఉన్నాయి. రూట్ కూడా మ్యాప్‌లో చూశాను. సుమారు 570 కిలోమీటర్లు, తొమ్మిది గంటల పైచిలుకు అని చూపించింది. లారీ కదా, ఇంకో మూడు గంటలు కలిపాను. పన్నెండు గంటలు. సాయంత్రం బయలుదేరితే పొద్దున్నే దిగిపోతుంది. సింపుల్. అప్పుడు అలాగే అనుకున్నాను.

గురువారం. ప్యాకర్స్ వాళ్ళు పొద్దున తొమ్మిదికి వస్తామన్నారు, పదకొండున్నరకి వచ్చారు. సర్దడం, మోయడం అయ్యేసరికి సాయంత్రం ఆరు. పంతొమ్మిది అడుగుల లారీ కదిలింది ఏడింటికి. గురువారం సాయంత్రం ఏడింటికి బెళ్ళందూరు నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీదకి లారీ ఎక్కించడం అంటే ఏంటో బెంగళూరులో ఉన్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. మారతహళ్ళి, కేఆర్ పురం, టిన్ ఫ్యాక్టరీ, హెబ్బాళ ఫ్లైఓవర్. దేవనహళ్ళి దాటేసరికి రాత్రి పదిన్నర. అంటే మొత్తం ప్రయాణంలో పదో వంతు దూరానికి మూడున్నర గంటలు.

మేము మాత్రం శుక్రవారం తెల్లవారుజామున ఐదింటికి కారులో బయలుదేరాం. నాన్న కాలు చాపుకునేలా ముందు సీటు బాగా వెనక్కి జరిపాం. కర్నూలు దగ్గర టిఫిన్‌కి ఆగాం. డిక్కీ తీశాను. వాకర్ లేదు.

అమ్మ నా వైపు చూసింది, నేను అమ్మ వైపు చూశాను. మడతపెట్టి మంచం పక్కన ఆనించి పెట్టాం కదా, ప్యాకింగ్ అబ్బాయిలు మంచంతో పాటు దాన్నీ కట్టేశారు. వాళ్ళ తప్పేం లేదు, "ఇది లారీలోకి కాదు" అని చెప్పాల్సింది నేను. ఎత్తు సీటు కూడా లారీలోనే. నాన్న ఏమీ అనలేదు. "నీ భుజం ఉంది కదరా, పద" అన్నారు అంతే.

మధ్యాహ్నం మూడింటికి కొండాపూర్ ఫ్లాట్‌కి చేరాం. లారీ ఎక్కడుంది అని ఫోన్ చేస్తే, ఒంటిగంటన్నరకే శంషాబాద్ వచ్చేసింది అన్నారు. వచ్చేసింది కదా, మరి ఇక్కడికి రాలేదే? పగటి పూట అంత పెద్ద లారీ మీ ఏరియాలోకి రానివ్వరు సార్, చలానా పడుతుంది, రాత్రి వరకూ ఆగాలి. సరే. రాత్రి పదకొండున్నరకి లారీ మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గరికి వచ్చింది. సెక్యూరిటీ ఆపేశాడు. "సామాను దించడం పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు వరకే సార్, అసోసియేషన్ రూల్." నేను వాదించాను, బతిమాలాను. ఆయన ఉద్యోగం ఆయనది. లారీ రాత్రంతా గేటు బయట రోడ్డు పక్కన నిలబడింది. శనివారం తొమ్మిదింటికి తాళ్ళు విప్పారు.

ఆ మధ్యలో నాన్న సంగతి చెప్పాలి. ఖాళీ ఫ్లాట్. వాచ్‌మన్ ఒక ప్లాస్టిక్ కుర్చీ ఇచ్చాడు, అది తక్కువ ఎత్తు, దాని మీద రెండు దిండ్లు వేసి కూర్చోబెట్టాం. బాత్రూమ్‌కి వెళ్ళాలంటే నేను ముందు నుంచి పట్టుకుని లేపాలి. హోటల్‌కి వెళ్ళొచ్చు కదా అంటారు. కరెక్టే. కానీ "ఇంకో రెండు గంటల్లో వచ్చేస్తుంది" అని ప్రతి రెండు గంటలకీ అనుకుంటూ ఉండిపోయాం. రాత్రి పదింటికి ఎదురింటి ఆంటీ చూసి, వాళ్ళ హాల్లో దివాన్ ఖాళీ చేసి నాన్నని పడుకోబెట్టారు. మాకు పేర్లు కూడా తెలియవు అప్పటికి. శనివారం పొద్దున ఆరు దాటాక పాలు పొంగించే ముహూర్తం. స్టవ్ లారీలో, గిన్నె లారీలో. అది కూడా ఆ ఆంటీ వాళ్ళ ఇండక్షన్ స్టవ్ మీదే.

సామాను దిగాక డ్రైవర్ అన్నకి టీ ఇస్తూ, కాస్త కోపంగానే అడిగాను, "ఏంటన్నా, ఇంత లేట్ అయింది?" అని. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రెండు రాత్రులు సరిగ్గా పడుకోలేదు. చాలా మామూలుగా చెప్పాడు. "సార్, ఎన్నింటికి బయలుదేరాలో మీరు చెప్పారు. ఎన్నింటికి చేరాలో మీరు చెప్పలేదు."

ఫ్రెండ్స్, ఈ ఎపిసోడ్ మొత్తం ఆ ఒక్క మాటే.

నేను చేసిన తప్పు ఏంటంటే, ప్లాన్ ముందు నుంచి వెనక్కి కాకుండా, మొదలు నుంచి చివరికి వేశాను. బయలుదేరే టైమ్ పెట్టుకుని, అక్కడ నుంచి లెక్క కట్టాను. ఆఫీసులో మనం ఏం చేస్తాం? రిలీజ్ డేట్ ముందు ఫిక్స్ చేసి, టెస్టింగ్ ఎప్పుడు, కోడ్ ఎప్పుడు ఆపాలి అని వెనక్కి వస్తాం. ఇంటి విషయంలో మాత్రం "పొద్దున లోడ్ చేసేద్దాం, వెళ్ళినప్పుడు వెళ్తుంది" అంటాం.

ఇంకో విషయం. నా బుర్ర అంతా ఆ 570 కిలోమీటర్ల మీదే ఉంది. నిజానికి హైవే ఈజీ పార్ట్. దేవనహళ్ళి నుంచి శంషాబాద్ దాకా 44వ నంబర్ జాతీయ రహదారి, బాగేపల్లి, పెనుకొండ, అనంతపురం, గుత్తి, డోన్, కర్నూలు, జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా దాదాపు తిన్నగా వెళ్ళిపోవచ్చు. కష్టం అంతా మొదటి నలభై కిలోమీటర్లలో, చివరి నలభై కిలోమీటర్లలో ఉంది. అంటే రెండు నగరాల్లో.

ఇప్పుడు అసలు ముడి ఎక్కడ పడుతుందో చూడండి. దించే చోట మనకి రెండు గేట్లు ఉంటాయి. మొదటిది నగరం గేటు. పెద్ద గూడ్స్ బండ్లకి పగలు, ముఖ్యంగా రద్దీ వేళల్లో ఆంక్షలు ఉంటాయి, రాత్రి పూట వదులుతారు. రెండోది అపార్ట్‌మెంట్ గేటు. అది పగలు తెరుస్తారు, రాత్రి మూసేస్తారు. కొన్ని చోట్ల ఆదివారం అసలు దించనివ్వరు. అర్థమైందా? ఒక గేటు తెరిచి ఉన్నప్పుడు రెండోది మూసి ఉంటుంది. రెండూ ఒకేసారి తెరుచుకోవు. ఈ సంగతి మీ ప్లాన్‌లో లేకపోతే, మీరు ఎంత స్పీడుగా వెళ్ళినా లారీ ఏదో ఒక గేటు బయట నిలబడాల్సిందే.

దీనికి మూడు దార్లు ఉన్నాయి.

ఒకటి, లారీని రాత్రి నగరంలోకి తెచ్చి, అపార్ట్‌మెంట్ లోపల గానీ, పక్కనే ఖాళీ జాగాలో గానీ నిలిపి, పొద్దున గేటు తెరవగానే దించడం. దీనికి అసోసియేషన్ మేనేజర్‌తో ముందే మాట్లాడాలి. "రాత్రి దించం, బండి మాత్రం పెట్టుకుంటాం" అంటే చాలామంది ఒప్పుకుంటారు. నేను ఆ రాత్రి అడిగింది దించనివ్వమని. వారం ముందు అడగాల్సింది నిలపనివ్వమని.

రెండు, చిన్న బండి తీసుకోవడం. ఆంక్షలు బండి సైజుని బట్టి ఉంటాయి. టూ బీహెచ్‌కే సామానుకి చాలాసార్లు పద్నాలుగు అడుగుల బండి సరిపోతుంది, మీరు పాత సోఫాలు, అట్టపెట్టెల్లో అట్టపెట్టెలు మోసుకెళ్ళకపోతే. అయినా మీ ఏరియాకి ఏ సైజు బండి ఏ టైమ్‌లో అనే రూల్స్ మారుతుంటాయి. ట్రాఫిక్ పోలీసుల పేజీలో చూసుకోండి, డ్రైవర్‌ని కూడా అడగండి.

మూడు, నగరం అంచున పెద్ద లారీ నుంచి రెండు చిన్న బండ్లలోకి సామాను మార్చుకోవడం. ఇది ఆఖరి దారి. ఎందుకంటే ఒకసారి ఎక్కువ దించి ఎక్కిస్తే, పగిలే అవకాశం అంత ఎక్కువ. డబ్బు కూడా ఎక్కువే.

ఇప్పుడు లెక్క. ఫోన్ మ్యాప్ చూపించేది కారు టైమ్. లోడు లారీ హైవే మీద టోల్ గేట్లు, ఎత్తుపల్లాలు అన్నీ కలిపి గంటకి సగటున నలభై, నలభై ఐదు కిలోమీటర్లు అనుకోండి, అంతకన్నా ఆశ పెట్టుకోకండి. దేవనహళ్ళి నుంచి శంషాబాద్ సుమారు 510 కిలోమీటర్లు. అంటే నడిచే టైమే పదకొండున్నర నుంచి పన్నెండు ముప్పావు గంటలు. భోజనం, టీ, కాస్త నడుం వాల్చడం కలిపితే పద్నాలుగు. ఒక్క డ్రైవర్ ఉంటే ఇక్కడ ఆగి ఆలోచించండి. 2025 వరకూ అమల్లో ఉన్న 1961 మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం మామూలుగా రోజుకి 8 గంటల పనే అనేది. ఐదు గంటలు పని చేశాక కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలనేది. "అన్నా, తెల్లారేసరికి దించెయ్యాలి" అని మనం ఫోన్‌లో ఒత్తిడి పెడితే, ఆ లెక్క ఎవరి నిద్రలోంచి తీస్తున్నాం? ఆయన నిద్రలోంచి. ఆ బండిలో మన బీరువా ఉంది, ఆ రోడ్డు మీదే వెనకాల మనమే కారులో వస్తున్నాం.

కాబట్టి, ఇద్దరు డ్రైవర్లు ఉన్న బండి మాట్లాడుకోండి. లేదా ఒక రాత్రి దారిలో ఆగేలా ప్లాన్ చెయ్యండి. ఒక్క రోజు ఎక్కువ. అంతే.

ఆరు నెలల తర్వాత ఈ ప్లాన్‌ని నిజంగా వాడాం. మా బాబాయి కూతురు, నాకు చెల్లెలు అవుతుంది, వైట్‌ఫీల్డ్ నుంచి నల్లగండ్లకి మారింది. ఇంట్లో ఆరు నెలల పాప. ఈసారి వెనక నుంచి వేశాం. ఫోన్‌లో నోట్స్ తెరిచి మీరూ రాసుకోండి.

దించడం శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకి. కాబట్టి గురువారం రాత్రే బండి అపార్ట్‌మెంట్ లోపల ఉండాలి. కాబట్టి గురువారం రాత్రి తొమ్మిదికి శంషాబాద్ దగ్గర ఉండాలి, నగరం గేటు తెరిచేదాకా డ్రైవర్ తిని, పడుకోవాలి. కాబట్టి గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకి గుత్తిలో బయలుదేరాలి. గుత్తి ఎందుకంటే అనంతపురం దాటాక యాభై కిలోమీటర్లు, దాదాపు సగం దారి. కాబట్టి బుధవారం రాత్రి తొమ్మిది లోపు గుత్తి చేరి పడుకోవాలి. కాబట్టి బుధవారం మధ్యాహ్నం రెండున్నరకి దేవనహళ్ళి. కాబట్టి వైట్‌ఫీల్డ్‌లో పన్నెండింటికి బండి కదలాలి, అంటే పొద్దున రద్దీ అయిపోయాక, సాయంత్రం రద్దీ మొదలవకముందు. కాబట్టి లోడింగ్ ఎనిమిదికి మొదలవ్వాలి. కాబట్టి ప్యాకింగ్ మంగళవారమే అయిపోవాలి.

చూశారా, "కాబట్టి" అనుకుంటూ వెనక్కి వస్తే, మొదటి రోజు ఏం చెయ్యాలో దానంతట అదే తేలింది. ప్యాకింగ్, లోడింగ్ ఒకే రోజు పెట్టుకోవడమే నా మొదటి తప్పు అని అప్పుడు తెలిసింది.

రూట్ విషయం. వైట్‌ఫీల్డ్ నుంచి హెబ్బాళ వైపు అసలు వెళ్ళలేదు. హోసకోటె మీదుగా దేవనహళ్ళి వెళ్ళి 44 ఎక్కాం. దూరం కొంచెం ఎక్కువ అనిపిస్తుంది, కానీ నగరం మధ్యలోంచి పోవడం తప్పుతుంది. బెంగళూరు తూర్పు వైపు ఉన్నవాళ్ళందరూ ఇది ఆలోచించండి. హైదరాబాద్ వైపు శంషాబాద్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, కొల్లూరు దగ్గర దిగాం. ఇక్కడ ఒక తమాషా. రెండు ఊళ్ళలోనూ "ఔటర్ రింగ్ రోడ్డు" అనే పేరే. బెంగళూరుది సిగ్నళ్ళు, బస్ స్టాపులు, ఆఫీసులు ఉన్న ఊళ్ళో రోడ్డు. హైదరాబాద్‌ది ఊరి చుట్టూ 158 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్‌వే, ఇంటర్‌ఛేంజ్‌ల దగ్గర తప్ప ఎక్కలేరు, దిగలేరు. అందుకే డ్రైవర్‌కి ఇంటి లొకేషన్ ఒక్కటే పంపితే చాలదు. "ఫలానా ఎగ్జిట్‌లో దిగు" అని విడిగా చెప్పండి. ఒక ఎగ్జిట్ తప్పితే మళ్ళీ తర్వాతది వచ్చేదాకా పోవాల్సిందే. ఇంకోటి, ఆ రోడ్డు మీద టూ వీలర్లకి అనుమతి లేదు. బైక్ మీద లారీ వెనకాల వస్తాను అనే హీరోలు గమనించండి.

మరి ప్లాన్ ప్రకారం జరిగిందా? జరగలేదు. డోన్ దగ్గర వెనక టైరు పంక్చర్. రెండు గంటలు పోయాయి. శంషాబాద్‌కి తొమ్మిదికి కాదు, పదకొండుకి వచ్చాడు. కానీ ఏం కాలేదు! ఎందుకంటే ఆ రెండు గంటలు ప్లాన్‌లో ముందే ఖాళీగా ఉన్నాయి. అర్ధరాత్రి దాటాక బండి అపార్ట్‌మెంట్ లోపలికి వచ్చింది, డ్రైవర్ క్యాబిన్‌లో పడుకున్నాడు, పొద్దున తొమ్మిదిన్నరకి దించడం మొదలు, పన్నెండు ముప్పావుకి అయిపోయింది. మంచి ప్లాన్ అంటే ఏమీ తప్పు జరగని ప్లాన్ కాదు ఫ్రెండ్స్, తప్పు జరిగినా ఇంట్లోవాళ్ళకి తెలియని ప్లాన్.

ఇప్పుడు లారీ ఎక్కకూడని వాటి గురించి. దీన్ని మా ఇంట్లో "చేతి సంచి" అంటాం, నిజానికి రెండు సంచులు, ఒక పెట్టె. సామాను ఒక రోజు కాదు, రెండు రోజులు లేటుగా వచ్చినా ఇల్లు నడవాలి, అదీ దీని రూల్. మందులు, ప్రిస్క్రిప్షన్లు. పెద్దవాళ్ళ వాకర్, చేతికర్ర, కళ్ళజోడు, ఇన్సులిన్ ఉంటే ఐస్ ప్యాక్ ఉన్న డబ్బా. పసిపిల్లలుంటే పాల డబ్బా, డైపర్లు. ఒక జత బట్టలు, దుప్పటి, మడత కుర్చీ. సర్టిఫికెట్లు, బంగారం, ల్యాప్‌టాప్. ఒక బల్బు, ఎక్స్‌టెన్షన్ బోర్డు, బకెట్, మగ్గు. లోడింగ్ మొదలవకముందే ఇవన్నీ కారులో పెట్టి డిక్కీకి తాళం వెయ్యండి. గదిలో మూలన పెడితే మా వాకర్‌లాగే లారీ ఎక్కేస్తాయి.

ముహూర్తం సంగతి. ముహూర్తాన్ని లారీతో ముడిపెట్టకండి. పాలు పొంగించడానికి ఇంటి సామాను అంతా అక్కర్లేదు కదా. ఒక ఇండక్షన్ స్టవ్, ఒక గిన్నె, పాలు, బియ్యం, పసుపు, కుంకుమ, దేవుడి పటం. ఇవి కారులో ఉంటే లారీ ఎప్పుడొచ్చినా అమ్మకి టెన్షన్ ఉండదు. అమ్మకి టెన్షన్ లేకపోతే ఇంట్లో ఎవరికీ ఉండదు.

ఇండక్షన్ అనే ఎందుకన్నానంటే, గ్యాస్ సిలిండర్ లారీలో వెయ్యకూడదు. ప్రమాదం. ఊరు మారుతున్నప్పుడు సిలిండర్, రెగ్యులేటర్ పాత ఏజెన్సీలో అప్పగిస్తే డిపాజిట్ వెనక్కిచ్చి టెర్మినేషన్ వోచర్ ఇస్తారు. అది కొత్త ఊళ్ళో చూపిస్తే కనెక్షన్ వస్తుంది. ఇది కనీసం వారం ముందు చేసుకోండి. ఆఖరి రోజు వండుకోవడం ఎలా అంటే, అదే ఇండక్షన్.

వస్తువుల గురించి గబగబా. ఫ్రిజ్‌ని ముందు రోజే ఆపి, ఐస్ కరగనిచ్చి, తుడిచి, నిలువుగానే ఎక్కించాలి. దించాక వెంటనే ప్లగ్ పెట్టకండి, కొన్ని గంటలు అలా వదిలెయ్యండి. ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్ కొన్నప్పుడు వెనకాల ట్రాన్సిట్ బోల్టులు వచ్చి ఉంటాయి, అవి మళ్ళీ బిగించాలి, లేకపోతే లోపల డ్రమ్ము ఊగి పాడవుతుంది. ఏసీ విప్పించేటప్పుడు మెకానిక్‌తో గ్యాస్‌ని ఔట్‌డోర్ యూనిట్‌లోకి లాక్ చేయించండి. బైక్ ఎక్కిస్తే పెట్రోలు తీసెయ్యండి. వైర్లు ఊడదీసే ముందు ఒక ఫోటో. ప్రతి పెట్టె మీద నంబరు, ఏ గదికో పేరు. డ్రైవర్ పేరు, ఫోన్, బండి నంబరు ఇంట్లో ఇద్దరి దగ్గరైనా ఉండాలి. వాట్సాప్ లైవ్ లొకేషన్ ఒకసారి పెడితే గరిష్ఠంగా 8 గంటలే, తర్వాత ఆగిపోతుంది. భోజనానికి ఆగినప్పుడు మళ్ళీ పెట్టమని చెప్పండి. నడుపుతున్నప్పుడు మాత్రం ఫోన్ చెయ్యకండి, క్లీనర్‌కి చెయ్యండి.

కాగితాలు. వాడిన ఇంటి సామానుకి ఈ-వే బిల్ అక్కర్లేదు, దానికి మినహాయింపు ఉంది. "ఈ-వే బిల్‌కి ఇంత" అని ఎవరైనా అదనంగా అడిగితే ఎందుకో అడగండి. కానీ లారీ రసీదు, వస్తువుల లిస్టు డ్రైవర్ దగ్గర తప్పకుండా ఉండాలి. లిస్టులో టీవీ, ఫ్రిజ్ లాంటివి విలువతో సహా రాయించి, ఎక్కించే ముందు ఫోటోలు తీసుకోండి. ఏదైనా పగిలితే, పోతే, ఫోన్‌లో అరవడం కాదు, రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి. 2007 రోడ్డు రవాణా చట్టం ప్రకారం బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోపు ఆ నోటీసు ఇవ్వాలి. కర్ణాటక నంబర్ బండి తెచ్చుకుంటే అక్కడి ఆర్టీఓ ఎన్ఓసీ తీసుకోండి. 12 నెలలకి మించి ఇక్కడే ఉంచితే ఇక్కడ మళ్ళీ రిజిస్టర్ చేయించాలి.

ఇంకొక్క ప్రశ్న, "షేరింగ్ లారీ చవక కదా బ్రో?" చవకే. మీ సామాను, ఇంకొకరి సామాను కలిపి వేస్తారు. మధ్యలో గోడౌన్‌లో దించి, వేరే బండికి ఎక్కించవచ్చు. ఏ రోజు వస్తుందో గట్టిగా చెప్పలేరు. బ్యాచిలర్ అయితే, నాలుగు పెట్టెలు, ఒక బైక్ అయితే హాయిగా వెళ్ళండి. ఇంట్లో పెద్దవాళ్ళో, పసిపిల్లలో ఉంటే వద్దు. మనం ఆదా చేసే డబ్బు వాళ్ళు ఓపికతో కడతారు.

తేదీ కూడా చూసుకోండి. నెలాఖరు, ఒకటో తారీఖు అందరూ మారతారు, లిఫ్ట్ దొరకదు, హమాలీలు దొరకరు. అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ బుకింగ్, డిపాజిట్ ఉంటాయేమో రెండు వైపులా అడగండి. గేటు ఎత్తు కూడా అడగండి, కొన్ని గేట్ల పైన ఆర్చీ ఉంటుంది, లారీ పట్టదు.

చివరిగా మళ్ళీ ఒకసారి. వేరే ఊళ్ళ వాళ్ళకి కూడా ఇదే. ఊరు మారితే పేర్లు మారతాయి, లెక్క మారదు. ముందు దించే టైమ్ రాయండి. రెండు గేట్లూ ఎప్పుడు తెరుస్తారో రాయండి. అక్కడ నుంచి వెనక్కి రండి. మధ్యలో డ్రైవర్ నిద్ర రాయండి. రెండు గంటలు ఊరికే వదలండి. ఆ కాగితం ఫోటో తీసి డ్రైవర్‌కి పంపండి.

నాన్న ఇప్పుడు బాగున్నారు. వాకర్ వదిలేసి సంవత్సరం దాటింది. రోజూ సాయంత్రం ఎదురింటి అంకుల్‌తో కలిసి వాకింగ్‌కి వెళ్తారు, ఆ రాత్రి దివాన్ ఇచ్చిన వాళ్ళే. ఈ వీడియో కోసం ఆ రోజు గురించి అడిగితే నవ్వి, "నాకేం కష్టమనిపించలేదురా, నిన్ను చూస్తేనే జాలేసింది" అన్నారు. మీ నాన్న అలా అనాల్సిన అవసరం రాకూడదని ఈ ఎపిసోడ్.

మీరు ఇల్లు మారినప్పుడు లారీ ఏ గేటు దగ్గర ఆగిందో కామెంట్‌లో రాయండి, మీ ఊరి టైమింగ్స్ తెలిస్తే అవీ రాయండి, ఇంకొకరికి పనికొస్తాయి. షిఫ్ట్ అవుతున్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ఈ వీడియో ఇప్పుడే పంపండి, లారీ ఎక్కాక పంపితే లాభం లేదు. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను, బై.